పదిలో ఏడు పాళ్లు

డ్రైవింగ్ మాస్టారు తన పసుపుపచ్చ స్పోర్ట్స్ కారులోంచి దిగడం మా వీధికి ఉచిత వినోదంగా ఉండేది. ముందు ఒక కాలు బయటికొస్తుంది. కాసేపు ఆ కాలు ఒక్కటే నేల మీద ఆని, రావాలా వద్దా అని ఆలోచిస్తుంది. తర్వాత ఒక చెయ్యి వచ్చి డోరు పైఅంచు పట్టుకుంటుంది. ఆ పైన "హమ్మా" అని ఒక మూలుగు, ఆ మూలుగు వెనక పొట్ట, పొట్ట వెనక మాస్టారు. నలభై ఏడేళ్ల మనిషి. నడుం నొప్పికి బెల్టు కట్టుకుంటాడు. చేతులకి మాత్రం వేళ్ల కణుపుల దగ్గర చిల్లులున్న తోలు గ్లౌజులు. నేలకి జానెడెత్తున కూర్చునే బండి కొనుక్కోమని ఈయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. తెలిస్తే వెళ్లి వాణ్ణి నాలుగు దులిపి వచ్చేవాణ్ణి.

ఆయన డ్రైవింగ్ స్కూలుకి సరిగ్గా ఎదురుగా నా టైర్ల షాపు. టైర్లు మార్చడం, గాలి పట్టడం, చక్రాల అలైన్‌మెంట్ చూడడం నా పని. ఆయన స్కూలంటే ఒకే ఒక్క గది. గోడకి ట్రాఫిక్ గుర్తుల చార్టు, మూల కళ్ల పరీక్ష బోర్డు, టేబుల్ దగ్గర దరఖాస్తులు నింపే ఆయన భార్య. నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. బయట రెండు బ్రేకులున్న చిన్న తెల్లకారు. పంతొమ్మిదేళ్లుగా మాస్టారు ఆ కారులో ఎడం పక్క సీట్లో కూర్చుని, కుడికాలు రెండో బ్రేకు మీద పెట్టి, రోజుకి ఎనిమిది గంటలు "క్లచ్చు వదలండి, తొందరేం లేదు, తొందరేం లేదు" అంటూ బతికాడు. ఆ పనిలో ఆయనకి సాటి లేదు, ఒప్పుకుంటాను. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో పెద్ద ప్రమాదం చేసినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఆ మాట చెప్పుకుని కాలర్ ఎగరేసినా ఎవరూ కాదనేవాళ్లు కాదు. కానీ మనిషికి ఉన్న గొప్ప చాలదు, లేని గొప్పే కావాలి.

ఇదంతా ఒక సిగ్నల్ దగ్గర మొదలైంది. ఆయన దగ్గరే నేర్చుకున్న ఒక నర్సు, లైసెన్సు వచ్చిన నెలకే సొంత కారులో పక్కన ఆగి, అద్దం దించి, "మాస్టారూ, ఇంకా రెండో గేరులోనేనా?" అని నవ్వి, పచ్చలైటు పడగానే రయ్యిన వెళ్లిపోయింది. తెల్లకారులో ఉన్న కొత్త విద్యార్థి కూడా కిసుక్కున నవ్వాడట. ఆ నవ్వు ఈయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మూడు నెలలు తిరక్కుండా ఒక పళ్ల డాక్టరు వదిలించుకుంటున్న ఇరవై ఏళ్ల నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ డాక్టరు పళ్లు పీకడంలోనే కాదు, పీడ వదిలించుకోవడంలో కూడా నేర్పరి.

అప్పట్నించీ స్కూలు మెట్ల మీద సాయంత్రం సభ మొదలైంది. పాత విద్యార్థులూ కొత్త విద్యార్థులూ చుట్టూ నిలబడతారు. ఒక బ్యాంకు క్యాషియరు, ఒక టైలరు, కారు చూశాక నవ్వడం మానేసిన ఆ నర్సు, ఇంకా నలుగురైదుగురు. వయసొచ్చినవాళ్లే, ఉద్యోగాలు చేసుకునేవాళ్లే, అయినా నోళ్లు తెరుచుకుని వింటారు. మాస్టారు గ్లౌజులు ఒక్కొక్క వేలూ లాగి విప్పుతూ ఉపన్యాసం ఎత్తుకుంటాడు.

"పబ్లిక్ రోడ్డు మీద స్పోర్ట్స్ కారుని ఎంత గట్టిగా తోలాలి? ఇది పెద్ద ప్రశ్న. పది పాళ్లూ తోలేవాడు మూర్ఖుడు, గోడకి కొడతాడు. ఐదు పాళ్లు తోలేవాడు పిరికివాడు. వాడికి బస్సు చాలు. మనం ఏడు పాళ్లు తోలతాం. మిగిలిన మూడూ కుక్క అడ్డం వస్తే, ముసలాయన అడ్డం వస్తే, వాటికి."

"మొన్న ఘాట్‌రోడ్డు మీద ఎంతలో వెళ్లారు మాస్టారూ?" అని క్యాషియరు అందిస్తాడు.

"మీటరు ఎవరు చూస్తారు బాబూ? చూసే తీరిక ఉంటే అది ఏడు పాళ్లు కాదు."

ఉత్తరకుమారుడు బతికుంటే వచ్చి మెట్టు కింద కూర్చుని పాఠం చెప్పించుకునేవాడు.

నాకు మాత్రం మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. బండిని నా షాపుకి తెచ్చి, టైర్లు అరిగిపోయాయేమో చూడమన్నాడు. "నా తోలుడికి నెల కూడా ఆగవు మేస్త్రీ" అన్నాడు. అప్పటికవి డాక్టరు వేయించిన కొత్త టైర్లు. సరే, చూశాను. మళ్లీ ఆర్నెల్లకి చూశాను. రెండేళ్లకి చూశాను. కొత్త టైరు అంచున సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి, మీరూ చూసే ఉంటారు. మలుపులో బండిని కాస్త విసిరి తిప్పినా ఆ అంచు రోడ్డుకి రాసుకుని అవి ఊడిపోతాయి. రెండేళ్ల తర్వాత కూడా మాస్టారి టైర్లకి అవి నిక్కబొడుచుకుని ఉన్నాయి. బ్రేకు ప్యాడ్లు గట్టిగా నొక్కినవాడు లేక అద్దంలా నున్నబడిపోయాయి. ఇంజను మసిపట్టి దగ్గుతోంది. పదిలో ఏడు పాళ్లు కాదు కదా, ఒక పాలు కూడా నిండలేదు. పైన పటారం, లోన లొటారం.

మరి ఆ చప్పుడంతా ఎక్కడిది అంటారా? బండి వెనక డాక్టరు పెట్టించిన పొగగొట్టం ఉంది, తూము లాంటిది. మాస్టారు మూడో గేరుకి వెళ్లడు. రెండో గేరులోనే ఉంచి ఇంజనుని అరిపిస్తాడు. వీధి చివర్లో ఉండగానే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. జనం ఉలిక్కిపడి చూసేసరికి చప్పుడే ముందొస్తుంది, బండి ఎప్పటికో వస్తుంది. ఒకసారి సైకిల్ మీద వెళ్తున్న పోస్ట్‌మాన్ దాన్ని దాటుకుని వెళ్లడం నేను నా కళ్లతో చూశాను.

ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. మంచితనం కాదు. గిరాకీ పోగొట్టుకోవడం ఇష్టం లేక సగం, నవ్వుకోవడానికి ఒక మనిషి కావాలి కనుక సగం. "ఈసారి బాగా అరగదీశారు మాస్టారూ" అని నేనే ఎన్నోసార్లు ఎగదోశాను. ఆయన ముఖం వెలిగిపోయేది. నేను లోపలికెళ్లి టైర్ల వరస వెనక నిలబడి నవ్వుకునేవాణ్ణి.

నిజంగా గట్టిగా తోలేవాళ్ల మీద నాకు గౌరవం ఉందనుకోకండి. వాళ్లూ నా దగ్గరికే వస్తారు. నాలుగు నెలలకోసారి టైర్ల సెట్టు మార్చే కుర్ర కాంట్రాక్టరు ఒకడున్నాడు. ఒకసారి వాడి టైరు గాడుల్లో చిన్న గుడ్డపీలిక ఇరుక్కుని ఉంది, పూల పూల గుడ్డ. ఏమిటిదని అడిగితే, "ఎక్కడో ఆరేసిన బట్ట అయ్యుంటుంది" అన్నాడు. రోడ్డు మధ్యలో బట్టలెవరు ఆరేస్తారో వాడు చెప్పలేదు. స్పోర్ట్స్ కారుని రోడ్డు మీద ఎంత గట్టిగా తోలాలని నన్నడిగితే ఒకటే చెప్తాను. గట్టిగా తోలేవాడు దుర్మార్గుడు, మెల్లగా తోలేవాడు డబ్బు దండగ చేసుకున్నవాడు, మెల్లగా తోలుతూ గట్టిగా తోలుతున్నానని చెప్పుకునేవాడు మా మాస్టారు.

పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున, మంగలి షాపు కూడలి దగ్గర ఆయన దర్జా కాస్తా ముక్కలైంది. మాస్టారు ఎప్పటిలా రెండో గేరులో అరిపించుకుంటూ వస్తున్నాడు. పక్కసందులోంచి పార్శిళ్లు పంచే బైకతను ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, ఆగాల్సిన గీత దగ్గర ఆగకుండా వచ్చి, కారు ముందుచక్రానికి గుద్దుకుని పడ్డాడు. కాలి ఎముక విరిగింది. పాపం అతని తప్పు అతనిదే, కానీ విరిగిన కాలితో ఉన్నవాణ్ణి ఎవరు తప్పుబడతారు? మంగలి షాపులో సబ్బు నురగ ముఖాలతో కూర్చున్నవాళ్లందరూ బయటికొచ్చి ఒకే మాట చెప్పారు. విమానం దిగినట్టు చప్పుడొచ్చిందట. వాళ్లు విన్నది నిజమే, చూసింది మాత్రం ఏమీ లేదు.

అప్పటికి నేనూ అక్కడికి చేరాను. అయినా అది అక్కడితో పోయేది. అంబులెన్సు వెళ్లాక పోలీసాయన పుస్తకం తీసి, "ఎంత స్పీడులో వస్తున్నారు?" అని మామూలుగా అడిగాడు. ముప్పై ఐదు అని చెప్తే సరిపోయేది. అదే నిజం కూడా. కానీ సరిగ్గా అప్పుడే క్యాషియరూ నర్సూ గుంపులోంచి "మాస్టారూ, మీకేం కాలేదు కదా!" అంటూ తోసుకుని ముందుకొచ్చారు. మాస్టారు వాళ్లని చూశాడు. గ్లౌజులు సర్దుకున్నాడు.

"ఒక తొంభై ఉంటుంది. ఈ బండికి తొంభై అంటే నడకే" అన్నాడు.

మాస్టారు అన్నాడు, పోలీసాయన రాసుకున్నాడు, కింద మాస్టారే సంతకం పెట్టాడు. ఒక మనిషి కాలు విరిగి, రోడ్డు మీద రక్తం ఇంకా ఆరకముందే, పేరు కోసం తన మెడకి తానే ఉరి బిగించుకున్నవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు బోధపడింది.

పది రోజులకి లైసెన్సు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. విచారణకి రావాలి. తొంభైలో వచ్చి గుద్దినట్టు తేలితే లైసెన్సు రద్దు, దాంతోపాటు డ్రైవింగ్ స్కూలు అనుమతి కూడా రద్దు. అంటే ఆ గది, ఆ తెల్లకారు, వాళ్ల ఇద్దరు ఆడపిల్లల కాలేజీ చదువులు, అన్నీ ఆ ఒక్క అంకె మీద నిలబడ్డాయి.

చెల్లెమ్మ ఆ కాగితం పట్టుకుని నా షాపుకొచ్చింది. దెబ్బతిన్న స్పోర్ట్స్ కారు అప్పటికే నా షెడ్డులో ఉంది. స్టూలు వేస్తే కూర్చోలేదు.

"అన్నయ్యా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఈయన తొంభైలో తోలాడా?"

"నీకు తెలియదా అమ్మా?"

"నాకు తెలుసు. నా మాట ఎవరు వింటారు? పెళ్లాం మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అంటారు. నీకు కూడా తెలుసా అని అడుగుతున్నా."

నేను ఆమెని బండి దగ్గరికి తీసుకెళ్లి కింద కూర్చోబెట్టి టైరు అంచు చూపించాను. ఆమె ఆ రబ్బరు వెంట్రుకల మీద వేలితో రాసింది. తర్వాత గుద్దుకున్న చక్రం చూపించాను. రిమ్ముకి గీత పడింది తప్ప వంకర పోలేదు. తొంభైలో గనక వచ్చుంటే ఆ చక్రం వెళ్లి మంగలి కుర్చీలో కూర్చునేదని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఇన్నాళ్లూ తెలిసి ఊరుకున్నావా? పైగా ఎగదోశావట కూడా" అంది. సిగ్గేసింది. "సరే, ఆఫీసుకొచ్చి ఇదంతా చెప్పు" అని కాగితం మడుచుకుని వెళ్లిపోయింది.

విచారణ రెండో అంతస్తులో. పొడుగాటి గది, తలుపు పక్కన బెంచీలు. అధికారి ఒక పెద్దావిడ, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని మనుషుల్ని దాని పైనుంచి చూస్తుంది. నేను ఒక టైరూ, ఆ రిమ్మూ భుజాన మోసుకుని వెళ్లాను. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఆయన వెనక, పిలవని పేరంటానికి వచ్చినట్టు, సాయంత్రం సభ మొత్తం వచ్చి బెంచీల మీద కూర్చుంది. క్యాషియరు సెలవు పెట్టి మరీ వచ్చాడు. మాస్టారికి అండగా అట. వాళ్లని చూడగానే ఇక కేసు పోయిందనుకున్నాను.

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. టైరు టేబుల్ మీద పెట్టి అంచు చూపించాను. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని, వంగి చూసి, ఒక వెంట్రుకని పట్టి లాగింది కూడా. రిమ్ము చూసింది. బైకు పడిన చోటు కొలతలున్న కాగితం తీసింది.

"నాకూ మొదట్నించీ అనుమానంగానే ఉంది. తొంభైలో గుద్దితే బైకు ఇంకా చాలా దూరం పోవాలి. ఇదిగో మాస్టారూ, ఇక్కడ మీరే తొంభై అని సంతకం పెట్టారు. ఆ రోజు కంగారులో తప్పు చెప్పానని ఒక్క ముక్క చెప్పండి. రాసుకుంటాను. అప్పుడిది వేరే కేసు" అంది.

ఇంతకంటే ఎవరు ఏం చెయ్యగలరు? తలుపు బార్లా తీసి, లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని లాగినట్టే కదా. చెల్లెమ్మ రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. తెరిచినవాడు ఊరుకోక ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

బెంచీల మీద వాళ్లు టేబుల్ మీది టైరునే చూస్తున్నారు. నర్సు క్యాషియరు చెవిలో ఏదో అంటోంది. క్యాషియరు పెదవి మీద ఒక నవ్వు లాంటిది మొదలవుతోంది.

మాస్టారు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఇటు తిరిగాడు.

"మేడమ్, ఆ టైర్లు నేను మామూలుగా వాడేవి కావు."

"ప్రమాదం రోజు బండికి ఉన్నవి ఇవే కదా?"

"ఇవే. ముందు రోజే మార్చాను. గట్టిగా తోలేటప్పుడు వేసే సెట్టు వేరే ఉంది."

వేరే సెట్టు! మా వీధిలో టైరు విప్పాలంటే నేనే విప్పాలి. ఆ సెట్టు ఎక్కడ దాచాడు, మంచం కిందా? నేను లేచి "అబద్ధం మేడమ్" అన్నాను. ఆవిడ నన్ను కూర్చోమంది.

"మరి రిమ్ము వంగలేదేం?"

"అది కంట్రోలు మేడమ్. ఆఖరి క్షణంలో తిప్పాను. అనుభవం."

"ఆ రోజు మీరు తొంభైలోనే వచ్చారంటారా? ఆలోచించుకుని చెప్పండి."

"ఏడు పాళ్లు" అన్నాడు మాస్టారు. ఆవిడకి అర్థం కాలేదు. బెంచీల వాళ్లకి అయింది. "తొంభై మేడమ్" అని సర్దుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి దేన్నైనా గట్టిగా తోలాడంటే అది ఆ అబద్ధాన్నే.

ఆవిడ ఆయన్ని కళ్లజోడు పైనుంచి చూసింది. తర్వాత కళ్లజోడు తీసేసి రాసింది. లైసెన్సు రెండేళ్లు రద్దు. స్కూలు అనుమతి పూర్తిగా రద్దు. "జనం నడిచే రోడ్డు మీద తొంభైలో తోలి, దాన్ని అనుభవం అనుకునేవాళ్లు ఇంకొకరికి నేర్పకూడదు" అంది. న్యాయంగానే అంది. వినేవాళ్లకి అందులో తప్పేం కనిపించదు.

బయటికి రాగానే సభ ఆయన్ని చుట్టుముట్టింది. "ఆవిడ ముందు భలే నిలబడ్డారు మాస్టారూ" అని క్యాషియరు చెయ్యి కలిపాడు. టైలరు అయితే "ఎంతైనా మీరు మీరే" అన్నాడు. రేపట్నించి ఆ స్కూల్లో పాఠాలు ఎవరు చెప్తారో ఒక్కడికీ తట్టలేదు. మాస్టారు నవ్వుతున్నాడు. తిండిగింజలు తగలబెట్టి ఆ వెలుగులో తన మొహం చూసుకుంటున్నవాడిలా ఉన్నాడు నా కంటికి. నాకు అసహ్యం వేసింది. ఆయన మీద వేసింది, ఆ భజనపరుల మీద వేసింది, టైర్ల వెనక నిలబడి రెండేళ్లు నవ్వుకున్న నా మీద కూడా వేసింది.

వాళ్లు కిందికి వెళ్లాక మెట్ల మలుపు దగ్గర మేం ముగ్గురమే మిగిలాం. నేను టైరు గోడకి ఆనించి ఊపిరి తీసుకుంటున్నాను. చెల్లెమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే, నేనైతే తిట్టేవాణ్ణి. ఆమె రెయిలింగు పట్టుకుని ఆయన వైపు చూడకుండా మాట్లాడింది.

"మా నాన్న బండి తోలుతుంటే మా అమ్మ రెండు చేతులూ ముందు డ్యాష్‌బోర్డుకి అదిమి పెట్టుకుని కూర్చునేది. వెనక సీట్లో నేనూ తమ్ముడూ కళ్లు మూసుకుని, ఇల్లొచ్చేదాకా అంకెలు లెక్కపెట్టుకునేవాళ్లం. సంబంధం అనుకున్నాక మీరు ఒకసారి నన్ను మీ బండిలో ఇంటి దగ్గర దింపారు. ఆ రోజు దారిలో నాకు నిద్ర పట్టేసింది. మీ పక్కన, ముందు సీట్లో. మా అమ్మ ఈ అబ్బాయిలో నీకేం నచ్చిందే అని అడిగితే అదే చెప్పాను. ఆయన పక్కన కూర్చుంటే నిద్ర పట్టిందమ్మా అని. మా అమ్మ ఏడ్చింది."

మాస్టారు ఆమె వైపు చూశాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆ ముఖంలో మనిషి కనిపించాడు. తర్వాత ఆయన కళ్లు మెట్ల మీదుగా కిందికి జారాయి.

"అబ్బా, కాస్త మెల్లగా అనవే. వాళ్లు ఇంకా కిందే ఉన్నారు" అన్నాడు.